పటాన్‌చెరు సికోరా

టీచరమ్మ పోయారన్న కబురు నాకు టీ తాగే వేళ తెలిసింది. మా మందుల కంపెనీ ల్యాబులోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, బయట అరలో పెట్టి తాళం వేసుకోవాలి. తీసి చూస్తే మా వీధి కిరాణా కొట్టు అక్క నుంచి వరసగా ఫోన్లు. తిరిగి చేస్తే ఏడుస్తూ చెప్పింది. "పాల ప్యాకెట్ గేటుకే ఉన్నది చెల్లే. పిలిస్తే పలకలే. తలుపు నూకి సూస్తే కుర్సీల కూసున్నట్టే ఉన్నది. టీచరమ్మ ఇగ లేదు, జల్దీ రా." కంపెనీ ఉన్న ఇస్నాపూర్ నుంచి మా పటాన్‌చెరు ఎంత దూరమని? అయినా ఆ రోజు హైవే మీద ఉన్న లారీలన్నీ మా ఆటోకే అడ్డం పడ్డాయి.

నేనూ మా ఆయనా ఆవిడ ఇంటి పై వాటాలో కిరాయికి ఉంటున్నాం. మా పుట్టిల్లు దగ్గర్లోనే, లక్డారం. హైస్కూల్లో ఆవిడ దగ్గర సోషల్ చదువుకున్నాను. పెళ్ళయ్యాక ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఎవరిదో తెలియకుండానే ఆ గేటు కొట్టాను. తలుపు తీసిన ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, నా పేరు చెప్పి, మా అన్న పేరు చెప్పి, నేను ఏ కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయేదాన్నో కూడా చెప్పారు. నాకు సిగ్గేసింది, మా ఆయనకు నవ్వొచ్చింది. ఇల్లు ఆ తరవాత చూపించారు.

టీచరమ్మ పేరు సికోరా. అచ్చుతప్పు కాదు, అదే పేరు. బడిలో మేమందరం టీచరమ్మా అనే పిలిచాం కాబట్టి ఆ పేరు గురించి నేనెన్నడూ ఆలోచించలేదు. ఆ ఇంట్లో చేరాకే తెలిసింది, దాని వెనక ఎంత కథ ఉందో.

ఆవిడ నాన్నగారు తెనాలి వైపు నుంచి ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరడానికి వచ్చినాయన. అప్పట్లో టర్బైన్లు బిగించడం నేర్పడానికి చెకోస్లొవేకియా నుంచి ఇంజినీర్లు వచ్చేవారట. అందులో ఒకాయన నాన్నగారికి గురువు. చెయ్యి పట్టి పని నేర్పాడు, ఈయన డబ్బాలోని పచ్చిపులుసు తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, మళ్ళీ మర్నాడు అదే అడిగాడు. ఫ్యాక్టరీ అంతా ఆయన్ని సికోరా అనే పిలిచేది. ఆయనకి పిల్లల్లేరు. నాన్నగారికి ఆడపిల్ల పుడితే, బోసు అనీ నెహ్రూ అనీ మనవాళ్ళు అభిమానంతో పెట్టుకోరూ, అలాగే గురువుగారి పేరు పెట్టేశారు. ఆ ఇంజినీరు పాపని ఎత్తుకుని చాలాసేపటిదాకా దించలేదట. ఆ తరవాత పని ముగించుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు, మళ్ళీ ఏ కబురూ లేదు.

అసలు సంగతి నాన్నగారి రిటైర్మెంటు రోజున బయటపడింది. ట్రైనింగుకని ఒకప్పుడు ఆ దేశం వెళ్ళొచ్చిన ఒక ఆఫీసరు వేదిక దిగి వచ్చి, "మీ అమ్మాయికి ఇంటిపేరు పెట్టేశారేమిటండీ?" అని నవ్వాడట. మనకి ఇంటిపేరు ముందూ పేరు వెనకా కదా, వాళ్ళకి తిరగేసి ఉంటుంది. ఫ్యాక్టరీలో అందరూ పిలిచింది ఆయన ఇంటిపేరుతోనే. అసలు పేరేమిటో ఈయనకి తెలియనే తెలియదు. ఇంటికి వస్తూ బస్సులో నాన్నగారు ఒక్కమాటే అన్నారట. "నాకు తెలీదురా పాపా. మనిషి పేరనుకునే పెట్టాను." తరవాత ఇంకాసేపటికి, తనకు తానే సర్దిచెప్పుకుంటున్నట్టు, "పోన్లే, ఆ ఇంటివాళ్ళు ఎక్కడో ఉంటారుగా. నేను పోయినా నువ్వు ఒంటరిదానివి కాదు" అన్నారట.

ఆ మాట టీచరమ్మ గట్టిగా పట్టుకున్నారు. తల్లి చిన్నప్పుడే పోయింది, తోడబుట్టినవాళ్ళు లేరు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగే చనువు నాకెప్పుడూ రాలేదు. నాన్నగారు పోయాక పాపా అని పిలిచేవాళ్ళు కూడా లేకుండా పోయారు. "నాకు రెండు ఇంటిపేర్లున్నాయి అమ్మాయ్, పేరే లేదు" అని నవ్వేవారు. 

నలుగురిలో మాత్రం ఆ పేరుతో ఆవిడ ఆడుకునేవారు. ఏం పేరండీ, కిరస్తానమా అని ఎవరైనా ఆరా తీస్తే, "కాదండీ, టర్బైను" అనేవారు. గ్యాసు బండ తెచ్చేవాడు సిక్కులా మేడమ్ అంటే, "అవును, తలపాగా ఉతికి ఆరేశాను" అన్నారు. అతను దండెం వైపు నిజంగానే చూశాడు.

సాయంత్రం కంపెనీ బస్సులు వచ్చే వేళకి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చిట్కుల్ వైపు, రుద్రారం వైపు వెళ్ళేవాళ్ళు మా వీధి చివరే దిగుతారు. అందులో సగం మంది ఆవిడ దగ్గర చదివినవాళ్ళే. నమస్తే టీచరమ్మా అని ఒకడు అంటే, పేరు పెట్టి పలకరించి, వాడి పిల్లల పేర్లూ అడిగేవారు. బడిలోనూ అంతే, ఎవర్నీ ఒరేయ్ అని గానీ రోల్ నంబరుతో గానీ పిలవలేదు. నోట్లో తిరగని పేరైనా పూర్తిగా పలకాల్సిందే. గాలి ఫ్యాక్టరీల మీదుగా వీచి కెమికల్ వాసన ముక్కు పగలగొడుతుంటే, "ఇవాళ గాలి మన చుట్టమైంది" అని కిటికీలు మూసేవారు గానీ, బస్సులన్నీ పోయేదాకా కుర్చీ మాత్రం లోపలికి తీసేవారు కాదు. చీకటి పడ్డాక ఆ ఇంట్లో టీవీ చప్పుడు తప్ప ఇంకో మాట వినిపించేది కాదు. పైన నేనూ మా ఆయనా పోట్లాడుకుంటుంటే కూడా, మర్నాడు "నిన్న ఇల్లు ఇల్లులా ఉంది" అనేవారు.

ఇలా ఉండగా మా కంపెనీ మాత్రలు ఒత్తే కొత్త మిషను తెప్పించింది. దాన్ని బిగించడానికి వచ్చినాయనది చెక్ దేశమని విని నాకు కాళ్ళు నిలవలేదు. ఎర్రటి మొహం, పెద్ద మనిషి. మన ఎండకి బెంబేలెత్తి పెరుగన్నం, అరటిపండ్లతోనే బతుకుతున్నాడు. నా అరకొర ఇంగ్లీషుతో వెళ్ళి, మీ దేశంలో సికోరా అనే ఇంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఆయన పకపకా నవ్వాడు. ఊరికొక సికోరా ఉంటాడన్నాడు. పక్కనే ఉన్న స్లొవాక్ దేశంలోనూ ఉన్నారట. చలికాలం కిటికీల దగ్గరకి గింజల కోసం వచ్చే ఒక చిన్న పిట్ట పేరట అది. తన క్లాసులోనే ముగ్గురుండేవారట. చివరికి, వాళ్ళమ్మ పుట్టింటిపేరు కూడా అదే.

పరుగెత్తుకొచ్చి చెప్పాను. టీచరమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. తీస్తున్న చెయ్యి ఆగింది.

"అంతమందా?"

ఇన్నాళ్ళూ ఒక ఇల్లు, ఒక గుమ్మం, అక్కడ తనకోసం ఎదురుచూసే ఒకళ్ళిద్దరు అని ఊహించుకున్న మనిషికి, ఊరికొకరున్నారంటే ఎవరూ లేరన్నట్టే వినపడింది కాబోలు. నేను తొందరపడి చెప్పానని బాధపడ్డాను. ఇంకో నాలుగు కాయలు ఈనె తీసి ఆవిడే, "వాళ్ళమ్మది పుట్టింటిపేరన్నావు కదూ. అంటే మా ఇంటి ఆడపడుచే. ఆదివారం ఆ అబ్బాయిని భోజనానికి పిలువు" అన్నారు.

మా ఆయన బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. కారం లేని ముద్దపప్పు, నెయ్యి, బీరకాయ వేపుడు చేశారు. ఆయన భోంచేసి, ఫోను తీసి, వాళ్ళమ్మకి వీడియో కాల్ కలిపాడు. తెల్లజుట్టు ముసలావిడ. భర్త పోయాక ఒక్కతే ఉంటోందట. కొడుకు సంగతంతా చెప్పాక ఆవిడ అటునుంచి ఏదో గబగబా అడిగింది. ఆయన నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. ఏ సికోరాలు మీరు, మిల్లు దగ్గరివాళ్ళా, ఏటి అవతలివాళ్ళా అని అడుగుతోందట.

టీచరమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. "మేం పటాన్‌చెరు సికోరాలమని చెప్పండి."

నేను ఇంగ్లీషులో చెప్తే, ఆయన వాళ్ళమ్మకి చెప్పాడు. ముసలావిడ ఒకసారి ఆ మాట తన నోటితో అని చూసుకుని, సరే అన్నట్టు తలూపింది. అంతే, ఇంకేమీ అడగలేదు. టీచరమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి, పంపు తిప్పి, కాసేపటికి మొహం కడుక్కుని వచ్చారు.

ఆ ఇంజినీరు పని ముగించుకుని వెళ్ళిపోయాడు గానీ, ఆదివారం మధ్యాహ్నం ఫోను మాత్రం ఆగలేదు. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. టీచరమ్మ తెలుగులో మాట్లాడతారు, ఆవిడ ఆవిడ భాషలో మాట్లాడుతుంది. నేను మెట్లు దిగుతుంటే వినిపించేది. "అక్కా, ఇదిగో పొట్లకాయ. పాము కాదు, భయపడకు." అటునుంచి ఆవిడ అల్లిన మేజోడు చూపించేది, కిటికీ బయట మంచు చూపించేది. ఒకరోజు ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా, ఈవిడ ఇక్కడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఆవిడ అక్కడ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చోవడం చూశాను. "నన్ను పేరు పెట్టి పిలిచేది లోకంలో అక్క ఒక్కతే అమ్మాయ్" అన్నారు ఆ రోజు.

కార్యక్రమాలు చెయ్యడానికి తెనాలి నుంచి ఆవిడ పెదనాన్నగారి కొడుకు వచ్చాడు. పెద్దమనిషే, దేనికీ లోటు చెయ్యలేదు. కాకపోతే వీధి చివర బస్సులు ఆగే చోట కట్టించిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద ఎప్పటిదో పడుచునాటి ఫోటో వేయించి, కింద మహాలక్ష్మి అని రాయించాడు. ఇదేంటని అడిగితే, అలాంటి పేరు నలుగురిలో బాగుండదమ్మా అన్నాడు. నేను గొంతు తగ్గించి మాట్లాడలేదు. "గామె పేరు గామెకు ఉండనియ్యిండ్రి సారూ. గా పేరు మీద ఆమె పానం పెట్టుకున్నది." ఆయనకి కోపం రాలేదు, అర్థమూ కాలేదు. కంపెనీ బస్సులు దిగినవాళ్ళు ఆ ఫ్లెక్సీ ముందు నుంచే నడిచి వెళ్ళిపోయారు. మా క్లాసు అతనొకడు, మీ గల్లీల ఎవరో మహాలక్ష్మమ్మ పోయిందట గదా అని నన్నే అడిగాడు. చెప్పేసరికి రోడ్డు మీదే కూలబడ్డాడు.

ఇది రాస్తున్నది అందుకే. మీలో ఎవరైనా ఆ బడిలో చదివి ఉంటే, ఆ ఫ్లెక్సీని చూసి ఎవరో అనుకుని వెళ్ళిపోయి ఉంటే, ఆ పోయినావిడ మన టీచరమ్మ. మన పేర్లన్నీ పూర్తిగా పలికిన మనిషి.

చుట్టాలు తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాక, ఆదివారం దీపం పెడదామని కిందికి దిగాను. ఆవిడ ఫోటోకి నిండా బంతిపూల దండ, నుదుట కుంకుమ. దీపం వెలిగిస్తుంటే అలమర మీద చార్జింగుకి పెట్టి ఉంచిన టీచరమ్మ ఫోను మోగింది. ఆ ఇంజినీరుకి నేను రెండుసార్లు కబురు పంపాను, ఆయన ఏ దేశంలో ఏ మిషను బిగిస్తున్నాడో గానీ చూసినట్టు లేదు. మోగనిచ్చి మోగనిచ్చి, చివరికి ఎత్తాను.

ముసలావిడ నన్ను చూసి గుర్తుపట్టి నవ్వింది. "సికోరా?" అంది. లేరని తెలుగులో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను. ఏడుపు ఆపుకుని, చెయ్యెత్తి పైకి చూపించాను. మేడ మీద ఉన్నారనుకుందేమో, సరేనన్నట్టు తలూపింది. ఇక చేసేది లేక ఫోను తిప్పి ఫోటో చూపించాను. దండ, కుంకుమ, ముందు వెలుగుతున్న దీపం. మన దగ్గర పసిపిల్లలకైనా తెలుస్తుంది.

ఆవిడ మొహం విప్పారింది. రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టింది. తరవాత సన్నని గొంతుతో పాట అందుకుంది. మాటలు నాకు తెలియవు గానీ, రాగం తెలుసు, పిల్లలు కేకు కోసేటప్పుడు ఎక్కడైనా పాడే రాగమే. మధ్యలో ఒకచోట సికోరా అని వచ్చింది. నేను ఫోను దించలేకపోయాను.

పాట అయిపోయింది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, టీచరమ్మ మేడ దిగి వస్తారని చూస్తూ కూర్చుంది.