జొన్నల మీద చాప

1976 ఫిబ్రవరి 3, మంగళవారం, ఉదయం పదకొండూ ఇరవైకి హెలికాప్టర్ నన్ను ఒమాన్‌లోని జబల్ అఖ్దర్ కొండ మీది సైనిక పోస్టులో దింపింది. నేను భారత సైన్యంలో నర్సుని, డెప్యుటేషన్ మీద వచ్చాను. అంతకుముందు కాశ్మీరులో మూడు చలికాలాలు చేశాను. ఇక్కడ కూడా మంచు చూస్తానని అనుకోలేదు.

పదకొండో తేదీ తెల్లవారుజామున వడగండ్లు పడ్డాయి. వాటి మీద జానెడు మంచు కురిసింది. ఎనిమిదింటికి రోడ్డు కంపెనీ కూలీలు నలుగురు మల్లేశాన్ని మోసుకొచ్చారు. కరీంనగర్ వాడు. మోకాలి కింద ఎముక విరిగింది. పాదం చల్లబడింది, నాడి అందడం లేదు. మధ్యాహ్నంలోగా ఆసుపత్రికి చేరకపోతే కాలు తీసేయాలి.

పోస్టును మబ్బు కప్పేసింది. రేడియో ఆపరేటర్ కింది స్థావరంతో మాట్లాడి చెప్పాడు: "హెలికాప్టర్ లోయ అవతల చదునులోనే దిగుతుందట. పదిన్నర దాకా ఆగుతుందట."

మధ్యలో నిటారు వాలు. దాన్ని అడ్డంగా దాటాలి.

మోసుకొచ్చిన నలుగురిలో మేస్త్రీ, మల్లేశం బావ రాజన్న, స్ట్రెచర్ పట్టుకున్నాడు. "అందరం కలిసే పోతం సిస్టరమ్మా. ఒక్కడే అయితే బుగులుపడ్తడు."

"కలిసి అడుగేస్తే వాలంతా జారుతుంది."

"గింత మంచుకేనా? మా ఊళ్ల వడగండ్లే దీనికంటే ఎక్కువ పడ్తయి."

బూటుతో మంచు తొలగించి, అడుగున గుండ్రటి వడగండ్ల పొర చూపించాను. "జొన్నల మీద చాప పరిచి నిలబడతావా, రాజన్నా?"

అతను వంగి చేత్తో తడిమాడు. స్ట్రెచర్ కింద పెట్టాడు.

నలుగురి ఎర్ర తలరుమాళ్లూ చీలికలు చేసి ముడేశాం. ఒక్కొక్కరి నడుముకు ఒక్కో పొడవాటి తోక. మంచు కప్పేసినా కొస పైన తేలుతుంది.

"నన్ను హనుమంతుణ్ణి జేస్తున్నవ్," అన్నాడు రాజన్న.

"లంక అవతలుంది. కాల్చకు."

ముందు నేను దాటాను. తర్వాత ఒకరి వెనక ఒకరు ముగ్గురు కూలీలు. స్ట్రెచర్‌ను మేం తాడుతో లాగాం. వెనకతాడు రాజన్న మెల్లగా వదిలాడు. మల్లేశం కళ్లు మూసుకుని మేమున్న ఒడ్డుకు చేరాడు.

చివరికి రాజన్న బయల్దేరాడు. సగం దారిలో వాలు మీద గీత గీసినట్టు పగులు కనబడింది. చప్పుడు పెద్దగా లేదు, గోనెసంచి ఒలికినట్టు. మంచూ రాళ్లూ అతన్ని అడుగుకు ఈడ్చుకుపోయి కప్పేశాయి.

పై వాలు చూశాను. జారడానికి ఇంకేమీ మిగల్లేదు. దిగాం. తెల్లటి కుప్ప మీద వేలెడు ఎర్ర గుడ్డ. దాన్ని పట్టుకుని చేతులతో, కూలీల సంచుల్లోని అన్నం పళ్లేలతో తవ్వాం. ముందు చెవి దొరికింది. తర్వాత నోరు. నోట్లో మంచు తీశాను. దగ్గాడు.

"మల్లిగాడు?"

"ఒడ్డున ఉన్నాడు."

"నా బీడీలు?"

అందరం ఒక్కసారే నవ్వాం.

పదీ ఇరవైకి హెలికాప్టర్ లేచింది. సాయంత్రం ఆసుపత్రి నుంచి రేడియోలో రెండు మాటలే వచ్చాయి: "కాలు నిలిచింది."

1977 ఏప్రిల్‌లో ఇంటికి వచ్చేశాను. ఇప్పటికీ ఉతికిన తెల్ల దుప్పటి మీద ఎర్ర దారం కనిపిస్తే, తీసేముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ఆ రోజు పోయినవి: దుప్పట్లు రెండు. వెనకతాడు ఒకటి. తలరుమాళ్లు నాలుగు. రాజన్న ఎడమ చెప్పు. బీడీ కట్ట ఒకటి. మనుషులు, ఎవరూ పోలేదు.