కాశయ్య దారం లేకుండా వేసిన పిట్ట

మా తమ్ముడి కొడుకు మార్కాపురంలో కొత్త ఇల్లు కట్టి, హాల్లో సోఫాకు ఎదురుగా పెద్ద బొమ్మ ఒకటి తగిలించినాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే నూనె రంగుల వాసన ముక్కుకు తగిలింది. హాలెండు దేశపోళ్ళు మూడు నాలుగు వందల ఏండ్ల కింద వేసుకున్న బొమ్మకు నకలంట. అచ్చు కాదు, మనిషి కూచుని చేత్తో దించిందంట. నేను నమ్మలేదు. చేత్తో చేసినామని చెప్పి మిషను సరుకు అంటగట్టే కాలం ఇది, తేనె దగ్గర్నుంచి అప్పడాల దాకా. దగ్గరికి పోయి అంచు గోటితో గీకి చూసినాను. రంగు గరుగ్గా తగిలింది.

"గీకొద్దు పెద్నాయనా, చేత్తో వేసిందే!" అని వాడు వంటింట్లో నుంచి అరిచినాడు.

సరే, చెయ్యే. ఆ చెయ్యి ఎప్పుడన్నా పిట్టను పట్టిందో లేదో, అది వేరే సంగతి. బొమ్మలో వెండి పళ్ళెం, సగం తోలు తీసిన నిమ్మకాయ, పైన మేకుకు తలకిందులుగా వేలాడే కౌజు పిట్ట. ఇట్లాంటి బొమ్మ వల్లనే ఏడేండ్ల వయసులో నేను నాయన చేత చెంపదెబ్బ తిన్నాను.

మాది యర్రగొండపాలెం అవతల, నల్లమల అంచున పల్లె. నాయనకు ఒక మంద గొర్రెలు, నాలుగు బర్రెలు ఉండేవి. కందులు కోసి మోళ్ళు మిగిలిన చేలల్లో, పొద్దున్నే మంచు తడి ఆరకముందే కౌజులు ఒకదాన్ని మించి ఒకటి కూస్తా ఉంటే, నాయన గుర్రపు తోక వెంట్రుకలు పేనిన ఉచ్చులు తీసుకుని బయల్దేరేవాడు. కంప పక్కన ఆయన వరసగా ఉచ్చులు నాటుకుంటా పోతే, వెనకాల సజ్జ గింజలు చల్లుకుంటా పోవడం నా పని. మాట్లాడితే పిట్టలు బెదిరిపోతాయి కాబట్టి ఇద్దరం కండ్లతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఆరుగురు పిల్లల ఇంట్లో నాయన కండ్లు నాకొక్కడికే దొరికే గంట అది. పడిన పిట్టలను కాలికి దారం కట్టి వసారా దూలానికి వేలాడదీసేవాడు. అమ్మ మిరియాలు, వెల్లుల్లి నూరి పులుసు పెడితే ఆ రోజు ఎన్ని జొన్నరొట్టెలు తిన్నామో ఎవరికీ గుర్తుండేది కాదు. ఉచ్చుకైనా, వేలాడదీసే దారానికైనా నాయన వేసేది ఒకటే ముడి, గింజుకునే కొద్దీ బిగిసేది. నాకు ఏడేండ్లు వచ్చిన ఏడు, రాబోయే చలికాలంలో ఆ ముడి నేర్పిస్తానని మాటిచ్చినాడు. అంతకన్నా పెద్ద చదువు లోకంలో ఉందని నాకు తెలియదు.

నెలకోసారి నెయ్యి కుండతో మార్కాపురంలో శెట్టి గారింటికి పోయేవాళ్ళం. దారిలో పలకల కార్ఖానాల బయట పారేసిన ముక్కలు జేబునిండా ఏరుకునేవాణ్ణి. తొక్కుడుబిళ్ళకు అంత నున్నటి బిళ్ళ మా ఊళ్ళో ఇంకెవరికీ ఉండేది కాదు. శెట్టి వాళ్ళమ్మను అందరం అవ్వ అనేవాళ్ళం. మడి మనిషి. నీసు తినే ఇంటి నుంచి నెయ్యి తీసుకోననేది. "ముట్టం తల్లీ" అని నాయన ఎన్నడో చెప్పేసినాడు. గొర్లు కాసేటోళ్ళు నీసు ముట్టకపోవడమేందని ఆమెకు అనుమానం రాలేదో, వచ్చినా ఆ నెయ్యి రుచికి దిగమింగుకుందో, ఈనాటికీ నాకు అనుమానమే. మొత్తానికి ఆ నెయ్యి మీదనే మా ఇంటి ఉప్పూ మిరపకాయా గడిచేది.

దసరాకు ముందు ఒకసారి పోయేసరికి వాళ్ళ గోడకు కొత్త బొమ్మ ఉంది. శెట్టి మద్రాసు నుంచి తెచ్చిన సీమ క్యాలెండరు కాగితం చూసి, అంగళ్ళకు బోర్డులు రాసే కాశయ్య గుడ్డ మీద పెద్దగా దించినాడంట. వెండి పళ్ళానికి, ద్రాక్షపండ్లకు మోజుపడిన శెట్టి ఈ పిట్టలేందని అడిగితే, "పండ్లు తిని నిద్రపోతాండాయి సామీ" అన్నాడంట. ఆ మాట నిలబెట్టుకోవడానికి మేకునూ దారాన్నీ వెయ్యకుండా వదిలేసినాడని నాకు చానా ఏండ్ల తర్వాత తెలిసింది. అవ్వ మాత్రం వచ్చిన వాళ్ళందరితో "సద్దు చెయ్యాకండి, పిట్టలు లేస్తాయి" అని నవ్వుతాంది. నా చేతిలో నేతి భక్ష్యం పెట్టింది. నేను తినడం మరిచిపోయి బొమ్మనే చూస్తా ఉన్నాను.

"అవ్వా, ఆ పిట్ట చచ్చిపోయింది."

"నీ నోట్లో మన్నుబడ! నిద్రపోతాంటే."

"నిద్రపోయే పిట్ట బొచ్చు ఉబ్బించి ముడుచుకుంటాది అవ్వా. రెక్క పరుచుకోదు. ఒంటికాలు పైకెందుకు పెడతాది? దారం కట్టి ఏలాడదీస్తేనే అట్లుంటాది."

అవ్వ నా వైపు చూడలేదు, నాయన వైపు తిరిగింది.

"ఏం ఓబయ్యా, పిల్లోడికి ఇయన్నీ ఎట్ల తెలుసు?"

నా చెంప ఫెళ్ళుమనింది. భక్ష్యం కింద పడింది.

"వీడి మాటలకేం తల్లీ, పగలే కలలు కంటాడు. నిద్రే. సూడు, ఎంత సుకంగా నిద్రపోతాండాయో!" అన్నాడు నాయన. ఆ మాట అనేటప్పుడు ఆయన కండ్లు నా వైపు రాలేదు.

అవ్వ నెయ్యి కుండ లోపలికి తీసుకుపోయింది. తిరిగొచ్చే బస్సులో నాయన అన్నాడు: "నీ కన్ను మంచిదేరా. నోటితోనే భయం."

ఆ చలికాలం నాయన ఒక్కడే చేలకు పోయినాడు. నేను ముందే లేచి గింజల సంచి పట్టుకుని వాకిట్లో నిలబడితే "పోయి పండుకో" అన్నాడు. దూలానికి వేలాడదీయడం మానేసి, పిట్టలను కప్పుకునే కంబడిలో చుట్టి దొడ్డిదారిన తెచ్చేవాడు. నిజం చెప్పినోణ్ణి నేను, చేటు వచ్చింది నాకే. అప్పటి నుంచి ఎవరన్నా నిద్రపోతాంది అంటే, ఊపిరి ఆడుతాందా లేదా అని నేనే వంగి చూసుకోవడం అలవాటైపోయింది.

ఇప్పుడు ఆ కంది చేలల్లో కౌజు కూత లేదు. ఉచ్చు పెడితే కేసు. పెట్టేవాడూ లేడు. తమ్ముడి కొడుకును అడిగినాను: "చచ్చిన పిట్ట అని తెలిసే కొన్నావా?"

"తెలిసే పెద్నాయనా. బొమ్మే గదా, రిచ్‌గా ఉంటాది."

గోడకు చచ్చిన పిట్టను తగిలించుకోవడానికి అవ్వకు ఒక అబద్ధం కావలసి వచ్చింది. వీళ్ళకు ఆ పాటి మొగమాటం కూడా లేదు. ఇందులో దారం దాచిపెట్టలేదు, కాలి దగ్గర ముడి కూడా వేసినారు. కండ్లద్దాలు తుడిచి పెట్టుకుని ఆ ముడినే చానాసేపు చూసినాను, సరిగ్గా వేసినాడా, వేసినవాడికి తెలిసే వేసినాడా అని.

చెప్పలేకపోయినాను. నాకు ఆ ముడి ఎవరూ నేర్పలేదు.