తొమ్మిదో రొట్టె

ఎనభైల్లో ఓసారి, అద్దాలు కుట్టిన సంచి ఒకటి కొందామని జగ్గయ్యపేట దగ్గరి లంబాడీ తండాకు వెళ్ళాను. సంచులు కుట్టే పెద్దావిడ నా ముందు జొన్నరొట్టె పెట్టింది.

"బయటోళ్ళొస్తే ఇంటికో రొట్టె తినాలి, ఇంటికో సంచి కొనాలయ్యా. ఒక్కిల్లు వదిలినా ఆళ్ళకి చిన్నతనం."

తండాలో తొమ్మిదిళ్ళు. ఎనిమిదో రొట్టెకు నా బెల్టు నడుము వదిలి చేతిలోకి వచ్చేసింది. తొమ్మిదో ఇంటికి తాళం కనబడగానే, బతికిపోయాననుకుంటూ వెళ్ళి నందిగామ బస్సెక్కాను.

కండక్టరు నా ఒళ్ళోని సంచుల్ని వేలితో లెక్కపెట్టాడు.

"ఎనిమిదే ఉన్నాయేంటండీ? తాళమేసిన ఇల్లు మాదేనండి."

టిక్కెట్టు కొట్టడం ఆపి, సీటు కింద నుంచి తన క్యారేజీ తీసి మూత తెరిచాడు.

"సంచి తర్వాత చూద్దాంలెండి. ముందు రొట్టె తినండి."