నడీన్ చేతికి తగిన రివాల్వర్

డెల్మర్ స్ట్రౌడ్ మిస్సోరీ కొండల్లో ఇల్లిల్లూ తిరిగి గ్యాస్ పోసే ట్యాంకరు తోలినవాడు. కానీ ఆ చుట్టుపక్కల ఆయన పేరు చెబితే ఎవరికీ ట్యాంకరు గుర్తుకు రాదు. చిన్న రివాల్వర్ కొనాలంటే ముందు డెల్మర్‌ను అడగాలి, తర్వాతే దుకాణం మెట్లెక్కాలి. వేటకూ కాదు, ఇంటి కాపలాకూ కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాక, పాత కంకర గోతిలో మట్టిగట్టు ముందు ఖాళీ డబ్బాలు నిలబెట్టి సరదాగా కాల్చుకునే చిన్న తూటాల పాయింట్ ట్వంటీటూ రివాల్వర్. పెద్ద తుపాకుల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఈ చిన్నదాని గురించి ఓపిగ్గా చెప్పేవాడు ఆయనొక్కడే.

ఆయనకో పద్ధతి ఉంది. ఖాళీ రివాల్వర్ చేతికిచ్చి, మనిషిని గట్టుకు ఎదురుగా నిలబెట్టి, "డబ్బాని చూడు. కళ్ళు మూసుకో. చెయ్యెత్తు. ఇప్పుడు తెరువు" అనేవాడు. కళ్ళు తెరిచేసరికి గొట్టం డబ్బా మీదే ఉంటే ఆ పిడి ఆ చేతికి కుదిరినట్టు. నేలకేసో పక్కకేసో ఉంటే, వస్తువు ఎంత ముద్దొచ్చినా వెనక్కిచ్చెయ్యమనేవాడు. "చెప్పులు తొడిగి చూడకుండా కొంటావా? ఇదీ అంతే" అనేవాడు. పాస్టరుకు అలాగే ఎంచిపెట్టాడు, పోస్టాఫీసులో కూర్చునే ఆవిడకు అలాగే ఎంచిపెట్టాడు, తనకు బొత్తిగా పడని బావమరిదికి కూడా అలాగే ఎంచిపెట్టాడు. కట్టుకున్న పెళ్ళాం చేత మాత్రం కళ్ళు మూయించలేదు.

కారణం చెడ్డదేమీ కాదు. నడీన్ నలభయ్యో పుట్టినరోజుకు చెప్పకుండా తెచ్చి ఆమెను సంతోషపెట్టాలనుకున్నాడు. ఆమె చేతులు చిన్నవి కదా అని చిన్నదీ, తేలికదీ, వేలెడంత గొట్టమున్నదీ, ముత్యంలాంటి తెల్లపిడి ఉన్నదీ చూసి కొన్నాడు. ఆ కొండల్లో మగవాళ్ళంతా చేసే తప్పే ఇది. ఆడమనిషికి తుపాకి అనగానే గుప్పిట్లో ఇమిడేదాని కోసం వెతుకుతారు. ఇంకొకరు చేస్తే డెల్మర్ ఎగతాళి చేసేవాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడిందంటారే, అలా అయింది ఆయన పని.

కేకు కోశాక అందరి ముందూ పెట్టె విప్పింది నడీన్. ఆమె మొహం ఎంత వెలిగిందో చెప్పలేం. కొన్ని ఆదివారాలు గడిచేసరికి ఆ వెలుగు కాస్తా పోయింది. తేలిక తుపాకి చేతిలో కుదురుగా నిలవదు. గొట్టం పొట్టిదైతే గురి ఏ కాస్త తప్పినా తెలియదు. పైగా ట్రిగ్గరు మహా మొండిది. డబ్బాకు అటూ ఇటూ మట్టి లేచేదే తప్ప డబ్బా కదిలేది కాదు.

"ఇది నా మాట వినట్లేదు డెల్మర్" అంది ఒకరోజు.

కాస్త ఎడంగా కూర్చున్న డెల్మర్ తమ్ముడు వెల్డన్ పగలబడి నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అందట వెనకటికెవత్తో! వదినా, తుపాకి బంగారంలాంటిది. మా అన్నయ్య ఎంచింది మరి! నీ చెయ్యే తిన్నగా లేదు."

తమ్ముణ్ణి కసరాల్సిన మనిషి వాడితో కలిసి నవ్వాడు. "ఓపిక పట్టు, అదే వస్తుంది" అన్నాడు నడీన్‌తో. ఆమె ఇంకో వేసవంతా ఓపిక పట్టింది. తర్వాత ఓ మడతకుర్చీ తెచ్చుకుని, తీపి టీ జగ్గు పక్కన పెట్టుకుని, ఉడకబెట్టిన గుడ్ల మీద ఈగలు తోలుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరైనా రమ్మని పిలిస్తే, "నాకు చేతకాదమ్మా. మా ఆయన ఎంత నేర్పినా రాలేదు" అనేది. దెప్పుతూ అన్న మాట కాదది. నిజమేనని నమ్మి అంది పాపం.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. నడీన్‌కు చూపు మధ్యలో మసక మొదలై, ముదిరి, ఇప్పుడు అంచుల్లో మాత్రమే కాస్త మిగిలింది. పక్కన నిలబడిన మనిషిని పోల్చుకుంటుంది గాని, ఎదురుగా నిలబడితే గొంతు వినాల్సిందే.

మొన్న వసంతంలో వెల్డన్ కోడలు కార్లీన్ వచ్చింది. "మామయ్యా, నాక్కూడా ఒకటి ఎంచిపెట్టండి. మీ తమ్ముడు కొనిస్తానంటున్నారు. ఆయనకొదిలేస్తే ఫిరంగి తెస్తారు."

"కొనడం దేనికే? మీ అత్తయ్యది బీరువాలో ఊరికే పడుంది. నీ చేతులూ ఆవిడ చేతులంతే ఉన్నాయి" అన్నాడు డెల్మర్.

"పట్టుకెళ్ళనీ. నాకెందుకది" అంది నడీన్ లోపల్నుంచి.

ముగ్గురూ గోతికి వెళ్ళారు. నడీన్ ఎప్పట్లాగే మడతకుర్చీలో కూర్చుంది. కార్లీన్ కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, తెరిచి చూసి కిసుక్కున నవ్వింది. "మామయ్యా, ఇదేంటి, సిగ్గుపడుతున్నట్టు నేలచూపులు చూస్తోంది!"

"పట్టుకోవడం రాలేదు నీకు. మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేసింది. మళ్ళీ నేలకేసే ఉంది.

డెల్మర్ దాన్ని తీసుకుని తూటాలు నింపాడు. ఇన్నేళ్ళుగా దాన్ని తుడిచాడు, నూనె రాశాడు, కాల్చి మాత్రం చూడలేదు. భార్య వస్తువని మర్యాద. ఆ మర్యాద తగలెయ్యా! నింపిన తూటాలన్నీ అయిపోయాయి, డబ్బా చెక్కుచెదరలేదు. మళ్ళీ నింపి కాల్చాడు. ఆ ఊళ్ళో ఆయన్ను మించిన గురిగాడు లేడు, అయినా ఒకే ఒక్క తూటా డబ్బా అంచును గీరుకుంటూ పోయింది.

తన పాత రివాల్వర్‌ను కార్లీన్ చేతిలో పెట్టాడు. పొడుగు గొట్టం, మంచి బరువు. ఆమె కళ్ళు తెరిచి చూసేసరికి గొట్టం తిన్నగా డబ్బాకేసి ఉంది. తూటాలు నింపి ఇచ్చాడు. మొదటి దెబ్బకే డబ్బా ఖంగుమని ఎగిరిపడింది.

"ఎవరు కొట్టింది?" అంది నడీన్ కుర్చీలోంచి.

"కార్లీన్."

"నా దాంతోనేనా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా డెల్మర్ వెళ్ళి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నా దాంతో. నీ తప్పేం లేదు నడీన్. మద్దెల నిజంగానే ఓడు."

ఆమె ఒళ్ళో గౌను మడతలు సవరించుకుంది. "అప్పుడే ఒక్కసారి నువ్వు కాల్చి చూసుంటే పోయేది కదయ్యా" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది డెల్మర్‌కు.

లేచి, కార్లీన్ దగ్గర తన రివాల్వర్ తీసుకుని, తూటాలన్నీ తీసేసి, తూటాలుండే గదులు ఒక్కొక్కటే వేలితో తడిమి చూసుకుని, ఆమెను చెయ్యి పట్టి గట్టు ముందుకు తీసుకెళ్ళాడు. కార్లీన్ డబ్బా నిలబెట్టి పక్కకు తప్పుకుంది. డెల్మర్ నడీన్ చేతిలో రివాల్వర్ పెట్టి, భుజాలు పట్టుకుని డబ్బాకేసి తిప్పాడు. 'డబ్బాని చూడు' అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"కళ్ళు మూసుకో. చెయ్యెత్తు" అన్నాడు.

ఎత్తింది. వణుకు లేదు. డెల్మర్ వెనక నుంచి ఆమె భుజం మీదుగా చూశాడు. గొట్టం సరిగ్గా డబ్బా నడిమధ్యకు నిలిచి ఉంది. ఇక 'ఇప్పుడు తెరువు' అనడానికి ఆయనకు నోరు రాలేదు.

"ఎప్పుడో తెరిచేశా" అంది నడీన్. "సరిగ్గా ఉందా డెల్మర్? నువ్వే చూసి చెప్పు."