దుబాయి నుంచి ఎత్తెక్కిన విమానం

ఆ రోజుల్లో మా కోస్గి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ నా ఒక్కడి దగ్గరే ఉండేది. డిగ్రీలో రెండు సబ్జెక్టులు తప్పినా సరే, జేబులో ఫోన్ ఉన్నవాడికి తెలియని సంగతి ఉండదని ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్లు (అందరికంటే గట్టిగా నమ్మింది నేనే). అందుకే దుబాయిలో మేస్త్రీ పనికి పోయిన బావ మొదటిసారి సెలవు మీద వస్తున్నాడనగానే, విమానం ఎప్పుడు దిగుతుందో తేల్చే భారం నా మీద పడింది. బావ పోయేనాటికి అక్క కడుపుతో ఉంది. కూతురిని ఆయన ఫోన్‌లో తప్ప చూడలేదు. "పోరి కండ్లు తెరిచి ఉండాలె, నాయినను చూసి నవ్వాలె. జర టైము మంచిగ చూసి చెప్పురా తమ్మీ," అంది అక్క.

బావ పోయినప్పుడు హైదరాబాద్‌లో పదింటికి ఎక్కి దుబాయిలో పన్నెండున్నరకు దిగాడు. అంటే రెండున్నర గంటలు! వచ్చేటప్పుడూ అంతే కదా అనుకున్నాను. ఈసారి అక్కడ పొద్దున ఎనిమిదింటికి ఎక్కుతున్నాడు కాబట్టి, "పదిన్నరకు శంషాబాద్‌ల ఉంటడు" అని ప్రకటించాను. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుందన్న సంగతి నా ఫోన్‌కు తెలుసు, నేనే అడగలేదు.

కారు కిరాయికి మాట్లాడుకుని పదింటికే వెళ్లి నిలబడ్డాం. పదకొండైనా బావ జాడ లేదు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇమానం యాడన్న పడ్డదేమోరా" అని ఏడుపు అందుకుంది. అక్క ముఖం పాలిపోయింది. నేను నాలుగడుగులు అవతలికి పోయాను. అక్కడ ఎదురుచూస్తున్న పెద్దమనిషిని అడిగితే నవ్వి, "ఆడి టైము వేరు గద బిడ్డా, ఒంటిగంటకు దిగుతది," అన్నాడు. తప్పు ఒప్పుకుంటే ఫోన్ పరువేం కావాలి? తిరిగొచ్చి గంభీరంగా చెప్పాను. "ఏం ఫికర్ చెయ్యకు అవ్వా. దుబాయి సముద్రం పక్కన, పోయేటప్పుడు దిగుడే. మనది గుట్టల జాగా, వచ్చేటప్పుడు ఎత్తెక్కాలె. అందుకే ఆలస్యమైతాంది."

అవ్వ వెంటనే కళ్లు తుడుచుకుంది. "గట్ల చెప్పు మరి! మా ఎడ్లబండి గూడ మిట్ట ఎక్కనీకె గట్లనే సతాయిస్తుండె," అంది.

అక్కకు మాత్రం నా శాస్త్రం ఎక్కలేదు. పిల్ల నిద్రపోకుండా ఆడించింది, ముఖం కడిగింది, బిస్కెట్లు పెట్టింది. ఏం చేసినా సరిగ్గా పన్నెండున్నరకు పిల్ల నా భుజం మీదే నిద్రపోయింది. "నీ లెక్కల మన్నువడ," అని అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

బావ రానే వచ్చాడు. అక్క పిల్లను లేపబోతే, "లేపకు" అని తన భుజం మీదికి తీసుకున్నాడు. ఇంటికి పోయే దారిలో కారు పరిగి దాటాక పిల్ల కళ్లు తెరిచింది. గడ్డం ఉన్నవాళ్లను చూస్తే వీధి అదిరేలా ఏడ్చే పిల్ల! బావకేమో ముఖం నిండా గడ్డం. కాసేపు ఆయన ముఖంలోకి చూసి, మళ్లీ అదే భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. బావ ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో విమానం టికెట్లు బుక్ చేస్తుంటాను (నవ్వకండి). అవ్వ మాత్రం దుబాయి నుంచి రావడమంటే ఎత్తెక్కడమేనని ఊరంతా చెబుతోంది. దిద్దబోతే, "నువ్వే చెప్పినవ్ గదరా," అంటుంది. "నీ లెక్క సక్కగుంటే, పోరి మెలకువతోని ఆ గడ్డం చూసి శంషాబాద్ ఎగిరిపోయేటట్టు ఏడుస్తుండె," అంటుంది అక్క. ఆ ఒక్క మాట కోసమే ఆమె ఇంటికి పోయినప్పుడల్లా ఏదో ఒక వంకతో విమానాల ముచ్చట తెస్తుంటాను.