డ్రైవర్ లేని రైలు, ఆంటీ ప్రార్థన

పైనుంచి చూస్తే అక్కడ స్టేషన్ ఉందని తెలిసేది కాదు. సిడ్నీలో రౌస్ హిల్ వైపు వెళ్ళే మెట్రో లైన్లో, పార్కు పక్కన ఒక అద్దాల కప్పు కనిపించేది, అంతే. హడావిడంతా ఎస్కలేటర్ దిగాక నేల లోపలే. ఏళ్ళ తరబడి కంచె కట్టి తవ్వారట. నేను యూనివర్సిటీలో చేరిన ఏడాదే రైళ్ళు మొదలయ్యాయి. బస్సులో కునుకులు తీస్తూ క్లాసుకు ఆలస్యంగా చేరే నాకు, కొన్ని నిమిషాలకో రైలంటే పండగే.

నేను అద్దెకున్న ఇంటి ఆంటీకి మాత్రం అది పెద్ద గండం. గుంటూరు వైపు మనిషి. కారు నడపడం రాదు, అంకుల్ దింపితేనే బయటికి. అలాంటావిడకి కొన్ని స్టేషన్ల అవతల, వృద్ధులను చూసుకునే హోమ్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. సొంతంగా ఏదైనా చెయ్యాలని ఎన్నాళ్ళగానో ఆవిడ ఆశ. సరిగ్గా ఆ రోజే అంకుల్‌కి డ్యూటీ పడింది. తోడుగా నేను బయల్దేరాను.

ప్లాట్‌ఫామ్ చివర ఆంటీ కళ్ళు మూసుకున్నారు. వాళ్ళింట్లో ఏ ప్రయాణమైనా ప్రార్థనతోనే మొదలు. "తండ్రీ, ఈ బండి నడిపే డ్రైవర్ని నీ కాపుదలలో..." అంటుండగా రైలొచ్చింది. ఆంటీ ఒక కన్ను తెరిచారు. ముందద్దం వెనక ఇద్దరు పిల్లలు నించుని చేతులూపుతున్నారు.

"అమ్మాయ్, డ్రైవరేడీ?"

"ఈ ట్రైన్స్‌కి డ్రైవరుండడాంటీ. ఆటోమేటిక్."

"బాబోయ్! మరి ఎవరికోసం ప్రార్థన చెయ్యను? నేనెక్కను."

తలుపులు మూసుకున్నాయి. ఇంకో రైలొచ్చింది, అదీ పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంటర్వ్యూ పోద్ది ఆంటీ! డ్రైవర్ చోటు ఖాళీగానే ఉందిగా, మీ ప్రభువునే కూర్చోమనండి!"

అనేసి నాలుక కరుచుకున్నాను. ఆంటీ మాత్రం గంభీరంగా ఆలోచించి, "అదీ నిజమే," అని ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఆమెన్ నేనే గట్టిగా అన్నాను. తర్వాతి రైలెక్కాం. దారంతా నా చెయ్యి నలిపేశారు.

ఆవిణ్ణి హోమ్ దగ్గర వదిలి క్లాసుకు పరిగెత్తాను. సాయంత్రం నేను మా స్టేషన్లో ఎదురుచూస్తుంటే, ముందు పెట్టెలోంచి నవ్వుతూ దిగారు. సోమవారం నించి పనిలోకి రమ్మన్నారట! ఎగిరి గంతేసినంత పనిచేశాను.

"ఒక్కరే వచ్చేశారే! వచ్చేటప్పుడూ మీ ప్రభువే నడిపారా?" అని ఆటపట్టించాను.

"లేదమ్మాయ్," అన్నారు ఆంటీ. "ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని, ముందద్దం దగ్గర నించుని, ఇక్కడిదాకా నేనే నడుపుకొచ్చా."