వెనక సీటులో మాట

మా బండికి వయసైపోయింది. దూరాలు తిరగడానికే చేసిన పెద్ద మోటారు సైకిలు. కొన్న కొత్తలో నేనూ నా భార్యా దాని మీద లేపాక్షితో మొదలుపెట్టి, సరిహద్దు దాటి కర్ణాటకలో గుడి, కొండ వదలకుండా తిరిగాం. ఇప్పుడు ఎక్కువగా ఒకటే దారి. నేను పాఠాలు చెప్పే బెళుగుప్ప నుంచి పావగడ మీదుగా ఆమె పుట్టిల్లు మడకశిరకు. ఇంజను ఇప్పటికీ బంగారం. పోయిందల్లా షాకబ్జర్లే. ముందువి నూనె కారుస్తున్నాయి. వెనకవి ప్రతి గుంతకూ టక్కుమని మోగుతున్నాయి.

బెంగుళూరు నుంచి కొత్తవి తెప్పించి మార్చాలా, వద్దా అన్న ఒక్క ప్రశ్నతో నేను ఏడాది గడిపేశాను. బడిలో తోటి పంతుళ్ళు, ఈ వయసులో దానికి బెంగుళూరు సింగారాలు ఎందుకు, అమ్మిపారేయమన్నారు. అమ్మడానికి మనసొప్పలేదు, కొత్తవి వేయించడానికి చెయ్యి రాలేదు.

కళ్యాణదుర్గంలో నా బండి చూసే మెకానిక్ భాయ్‌ని అడిగాను. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి.

"ముందుకు జరుగన్నా, నేను వెనక కూర్చుంటా. ఒక రౌండు పోయొద్దాం" అన్నాడు.

ఊరి చివరి దాకా పోయి వచ్చాం. దిగి చేతులు దులుపుకున్నాడు. "సోఫా మాదిరి ఉండాది. ముందర ఆయిల్ కారకుండా సీళ్ళు మార్చి, కొత్త ఆయిల్ పోస్తా. కొత్తవి ఎందుకప్పా నీకు?"

నా నెత్తిన పాలు పోసినట్టయింది. సీళ్ళు మార్పించి ఇంటికొచ్చాను.

మా వైపు ఒక అలవాటుంది. ఏ బండయినా సరే, వెనక షాకబ్జరు స్ప్రింగును బరువుకు కుంగకుండా చివరి మెట్టు దాకా బిగించేస్తారు. వేరుశనక్కాయల మూటో, గడ్డిమోపో, ఒక్కోసారి బతికున్న పొట్టేలో ఎక్కాలి మరి. అందుకని మెకానిక్కులు అడక్కుండానే బిగిస్తారు. ఏనాడూ మూట మొహం చూడని నా పంతులు బండికీ అదే జరిగింది. నేనూ ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

ఇక నా భార్య సంగతి. ఆమె మాటకారి. ఇంట్లో పనుల మధ్య ఏం మాట్లాడినా, అసలు మాటలన్నీ బండి కోసం దాచుకునేది. ఎక్కిన దగ్గర నుంచి బంధువుల కబుర్లు, నా నడుపుడు మీద విమర్శలు, దారిలో కనిపించిన ప్రతి చేను మీదా ఒక తీర్పు. హెల్మెట్ పెట్టుకున్నా తప్పించుకోలేం. అలాంటిది ఏడాదిగా మాట తగ్గుతూ వచ్చి దాదాపు ఆగిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక కొత్తగా చెప్పుకోవడానికి ఏం మిగులుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. కానీ బాధగానే ఉండేది. వెనక మనిషి ఉన్నా ఒంటరిగా పోతున్నట్టుండేది.

ఆమె పుట్టింటివాళ్ళు గొర్రెలు కాసేవాళ్ళు. వాళ్ళ ఉన్నితో నేసిన కంబళి ఒకటి ఆమెకుంది. దాన్ని మడిచి సీటు మీద వేసుకోవడం మొదలుపెట్టింది. మొదట ఒక మడత, తర్వాత రెండు, ఆ తర్వాత ఇంకా మందంగా.

"ఇదెందుకు మే?" అంటే "చలికి" అంది. మిట్టమధ్యాహ్నం, మా అనంతపురం ఎండలో.

ఉలవ కోతలప్పుడు మళ్ళీ మడకశిరకు బయల్దేరాం. ఆ రోజుల్లో మాకు రోడ్డే కళ్ళం. కోసిన ఉలవ మొక్కల్ని, మా మాటలో ఉలవ కట్టెను, తారు మీద మందంగా పరిచేస్తారు. పోయే వచ్చే బండ్లు తొక్కితే కాయ రాలుతుంది. చక్రం జారుతుందని, చెయినుకు కట్టె చుట్టుకుంటుందని నేనెప్పుడూ దాన్ని తిట్టుకునేవాణ్ణి. ఆ రోజూ తిట్టుకుంటూ మెల్లగా దాని మీదికి పోనిచ్చాను. గుంతలన్నీ కట్టె కింద పూడిపోయి బండి మెత్తగా సాగింది. అప్పుడు చెవి దగ్గర మాట వినిపించింది.

"మా అన్న గొర్రెలు అమ్మినాడంట. ఆ నల్ల పొట్టేలు ఉండాదే, దాన్ని మాత్రం..."

కట్టె అయిపోయింది. రోడ్డొచ్చింది. టక్కుమంది. మాట ఆగిపోయింది.

"ఊ, పొట్టేలు?" అన్నాను. చాలా దూరం పోయాక ఇంకో ఊరొచ్చింది, మళ్ళీ రోడ్డు మీద ఉలవ కట్టె.

"దాన్ని మాత్రం అమ్మనన్నాడంట" అంది వెనక నుంచి.

ఆమెకు మాటలేమీ అయిపోలేదు. పళ్ళు బిగబట్టుకుని కూర్చుంటోంది, అంతే. బండి పక్కకు తీసి ఆపాను.

"యాడ నొప్పి నీకు?"

"ముందు ఇల్లు చేరనీప్పా" అంది. వాళ్ళ ఇళ్ళల్లో ప్రయాణం మధ్యలో నొప్పి మాట, నష్టం మాట ఎత్తరు. చేరిన తర్వాతే ఏదైనా.

సాయంత్రం వాళ్ళన్న ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పింది. "నడుము పోతాండాది. గుంతొస్తే ఎగిరి పడతాండా. మాట్లాడితే నాలుక కరుచుకుంటా. అందుకే నోరు మూసుకున్నా."

"ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్తే బండి అమ్మేస్తావు. నీకదంటే ప్రాణం కదా." "రేపు నేను బస్సులో వస్తా. నువ్వు బండిలో రా" అంది. కోపంగా కాదు. బాగా ఆలోచించుకుని, నాకు కష్టం కలగకుండా అంది. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

మర్నాడు ఆమె ఎక్కిన బస్సు వెనకే దుమ్ము మింగుతూ వచ్చాను. దాటిపోవడానికి చాలాసార్లు దారి దొరికింది. దాటలేదు.

ఆ వారమే భాయ్ దగ్గరికి పోయాను. "నువ్వు కూర్చుంటే సోఫా. ఆమె నీలో సగం కూడా ఉండదు. నిన్ను మోసే స్ప్రింగు ఆమెను ఎగరేస్తాంది. బెంగుళూరు నుంచి కొత్తవి తెప్పించు. చివరి మెట్టు కాదు, మెత్తగా ఉండేట్టు మొదటి మెట్టులో పెట్టు" అన్నాను.

"మూట ఎక్కితే కూలబడతాదన్నా."

"దీని మీద మూటలెక్కవు భాయ్. మనిషి ఎక్కాల."

అతను నవ్వి, "అట్లయితే వదినను పిలుచుకొని రా" అన్నాడు. కొత్తవి బిగించిన రోజు ఆమె సిగ్గుపడుతూనే వచ్చి వెనక కూర్చుంది. కూర్చున్నాక సిగ్గు పోయింది. "ఇది గట్టిగా ఉండాది. ఇంగ కొంచెం చూడు" అని ఒక్కో మెట్టూ దింపిస్తూ మా ఇద్దరి చేతా దుకాణం ముందర చాలా సేపు పని చేయించింది.

తర్వాత మడకశిరకు పోయినప్పుడు ఉలవల కాలం అయిపోయింది. ఉత్త తారు రోడ్డు. కంబళి సంచిలోనే ఉంది. పావగడ దాటాక, ఊరివాళ్ళే మట్టీ రాళ్ళూ పోసి కట్టుకున్న స్పీడ్ బ్రేకరు ఒకటుంది. అది కనిపించగానే హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను.

వెనక ఆమె చెప్తూ ఉంది. "మా వదిన అనిందంట, ఆ నల్ల పొట్టేలు ముసలిదైపోయినాది, ఇంగా ఎన్నాళ్ళు మేపుతావు అని." ముందు చక్రం ఎక్కింది. "దానికి మా అన్న ఏమన్నాడో తెలుసునా?" వెనక చక్రం దిగింది. "అది ముందర నడవబట్టే కదా ఇన్నేళ్ళూ మంద నా వెనక వచ్చింది అన్నాడంట."

మాట ఎక్కడా తెగలేదు. హెల్మెట్ లోపల నాకు కళ్ళు తడిశాయి.

"వింటాండావా, నిద్రపోతాండావా?" అని వీపు మీద ఒకటి వేసింది.

"వింటాండా, చెప్పు" అన్నాను.